పగిలిన స్టాక్, పాత బ్యారెల్: ఒక లాంకాస్టర్ రైఫిల్‌కు కొత్త చెక్క చెక్కిన కేసు

ఎవరు ఏ పాత పద్ధతి తుపాకి తెచ్చినా ముందు మూతి నుంచి మందూ గుండూ దట్టించే దాని కడ్డీ తీసి బ్యారెల్‌లోకి జారవిడుస్తాను. మూతి దగ్గర కడ్డీ మీద గుర్తు పెట్టి, బయటికి తీసి, బ్యారెల్ పక్కన ఆనించి చూస్తాను. కొస టచ్‌హోల్ (లోపలి మందుకు నిప్పు చేరే చిన్న రంధ్రం) దాకా వస్తే లోపల ఖాళీ. రెండు మూడు వేళ్ల వెడల్పు ముందే ఆగిపోతే లోపల మందూ గుండూ ఉన్నట్టే అనుకోవాలి. దట్టించి మరిచిపోయిన తుపాకులు ఏళ్ల తర్వాత అటకల మీద నుంచి దిగుతుంటాయి. అందుకే ఈ రైఫిల్ తెచ్చిన పెద్దాయన "ఖాళీయేనండీ, నేనే చూశాను" అన్నా నా పని నేను చేసుకున్నాను. ఖాళీయే. అప్పుడు పగులు చూశాను.

బ్యారెల్ వెనక కొసను ఒక ఇనుప బిరడా మూస్తుంది. ఆ బిరడాకు వెనక్కి సాగిన తోక ఉంటుంది, దాన్ని టాంగ్ అంటాం. అది స్టాక్ (బ్యారెల్ కూర్చునే చెక్క భాగం) పైభాగంలో చెక్కలోకి దిగి ఒక బోల్టుతో బిగుస్తుంది. పగులు సరిగ్గా ఆ తోక చివర మొదలైంది. చేత్తో పట్టుకునే సన్నటి మణికట్టు భాగం గుండా ఏటవాలుగా దిగి, లాక్ (నిప్పు పుట్టించే యంత్రాంగం) ఉన్న వైపు పైకి తేలింది. రెండు చేతులతో పట్టి కాస్త వంచితే పగులు నోరు తెరిచి మూసుకుంటోంది.

తుపాకి వయసు పాతికేళ్లు మించదు. నమూనా మాత్రం పాతది. 1700ల్లో జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలస వెళ్లిన తుపాకి పనివాళ్లు, తమకు అలవాటైన పొట్టి, లావుపాటి యేగర్ రైఫిల్‌ను పొడుగు చేసి, సన్నం చేసి లాంగ్ రైఫిల్‌గా మార్చారు. అక్కడి లాంకాస్టర్ ఊరు ఆ పనికి పెద్ద కేంద్రం. పేరున్న తుపాకి పనివాడు జేకబ్ డికర్ట్ (1740–1822) పనిచేసింది అక్కడే. లాంకాస్టర్ శైలిలో భుజానికి ఆనే భాగం పైగీతా కిందిగీతా వంపు లేకుండా సాగి త్రికోణంలా కనిపిస్తాయి. నా బల్ల మీదున్నది ఆ శైలిలో చేసిన చెకుముకి తుపాకి. క్యాలిబర్, అంటే బ్యారెల్ లోపలి గొట్టం వెడల్పు, 0.50 అంగుళాలు. బ్యారెల్ పొడవు 42 అంగుళాలు, చుట్టూ ఎనిమిది పలకలు (చదును ముఖాలు). వెనక కొస దగ్గర పలక నుంచి పలకకు 1 అంగుళం, నడుము దగ్గర ముప్పావు అంగుళం, మూతి దగ్గర మళ్లీ కొంచెం విచ్చుకుంటుంది. ఈ నడుము ఉన్న ఆకారమే తుపాకిని చేతిలో తేలిగ్గా నిలబెడుతుంది, చెక్క పనిని మాత్రం రెండింతలు చేస్తుంది.

ఎందుకు పగిలింది

పిన్నులు కొట్టి, టాంగ్ బోల్టు తీసి, బ్యారెల్‌ను పైకి లేపాను. చెక్కలో బ్యారెల్ కూర్చునే కాలువ వెనక గోడ మీద ఉలి గీతలు నిన్న చెక్కినట్టు పదునుగా ఉన్నాయి. ఇన్నేళ్లు పేలిన తుపాకిలో అలా ఉండకూడదు. పేలిన ప్రతిసారీ బ్యారెల్ వెనక్కి తంతుంది. ఆ తన్ను బ్యారెల్ వెనక ముఖం మొత్తం మీదుగా చెక్కకు చేరాలి, ఆ గోడ నలిగి నున్నబడి మెరవాలి. ఇక్కడ బ్యారెల్ గోడను తాకనే లేదు. మసి పూసి మళ్లీ కూర్చోబెట్టి చూసినా గోడకు చుక్క అంటలేదు.

మరి తన్ను ఎక్కడికి పోయింది? టాంగ్ తోక ఆనే చోట గోరంత మేర చెక్క నలిగి నల్లబడి ఉంది. అంటే ఇన్నేళ్లూ ప్రతి దెబ్బనూ ఆ సన్నటి తోకే మోసింది. కట్టెలో దిగేసిన చీలమేకు ఏం చేస్తుందో అదే చేసింది. బ్యారెల్‌ను పట్టి ఉంచే పిన్నులు కూడా ఒంగి ఉన్నాయి, వాటి రంధ్రాలు కోలగా అరిగాయి.

రెండో కారణం చెక్కలోనే ఉంది. మణికట్టు దగ్గర చెక్క పోగు రేఖలు పొడవునా సాగకుండా పై నుంచి కిందికి వాలి, మూడు అంగుళాల్లోనే బయటికి వచ్చేశాయి. ఈ స్టాక్ చేసిన పులిచారల మేపుల్ కలప చూపుకు ఎంత అందమో అంత మోసం. చార ఎక్కువగా ఉన్న చోట పోగు అలలు అలలుగా నడుస్తుంది, ఆ అల ప్రతిదీ ఒక బలహీనతే. మొదటి కారణం పగలగొట్టింది, రెండోది పగులుకు దారి చూపింది. ఇది నా నిర్ధారణ.

అతకొచ్చు. ఎపాక్సీ పట్టించి, లోపల ఒక కడ్డీ దింపి, వెనక సందు కూడా ఎపాక్సీతోనే నింపొచ్చు. పాతకాలంలో విరిగిన మణికట్టుకు పచ్చి తోలు తడిపి చుట్టి కుట్టేవారు, ఆరాక అది ఇనుములా బిగుసుకునేది. అలా బాగుచేసిన అసలు రైఫిల్స్ ఇప్పటికీ ఉన్నాయి. గోడకు తగిలించే తుపాకి అయితే నేనూ అదే చెప్పేవాణ్ని.

"అతికితే ఎన్నాళ్లు ఉంటుందో చెప్పగలరా?" అన్నారాయన.

"చెప్పలేనండీ. మీరు చెంపకు ఆనించి పేల్చే వస్తువు. రేఖలు మాత్రం నేను మార్చలేను కదా."

"అయితే కొత్తదే చేయండి. ఇనుప సామానంతా మాత్రం ఇదే ఉండాలి. బ్యారెల్‌కు ఒక్క కొత్త రంధ్రం పెట్టినా ఒప్పుకోను."

ఆ చివరి మాటే ఈ కేసు మొత్తాన్ని నడిపింది. కొత్తగా రైఫిల్ చేసేటప్పుడు టచ్‌హోల్‌ను దాదాపు చివర్న పెడతాం. బ్యారెల్ ఎక్కడ కూర్చుందో, లాక్ ఎక్కడ కూర్చుందో తేలాక, లాక్ మీద నిప్పు మందు పోసే పాన్ (చిన్న గిన్నె) నడిమికి సరిగ్గా ఎదురుగా రంధ్రం చేస్తాం. ఇక్కడ రంధ్రం ముందే ఉంది. టాంగ్ బోల్టు రంధ్రం ఉంది. పిన్నులు పట్టే మూడు చెవులు బ్యారెల్ అడుగున ఉన్నాయి. బ్యారెల్ అరమిల్లీమీటరు వెనక్కి పోతే లాక్ కూడా అరమిల్లీమీటరు వెనక్కి పోవాలి, దాని వెనకే ట్రిగ్గరూ, మణికట్టూ. అన్నిటికీ బ్యారెలే కొలత.

చెక్క

షుగర్ మేపుల్ పలక తీసుకున్నాను, రెండున్నర అంగుళాల మందం. అట్టతో స్టాక్ నమూనా కత్తిరించి పలక మీద తిప్పి తిప్పి చూశాను. ముందు భాగంలో రేఖలు బ్యారెల్‌కు సమాంతరంగా ఉండాలి, మణికట్టు దగ్గర స్టాక్ వాలుతో పాటే అవీ కిందికి వాలాలి. అలా కుదిరే చోటు పలకలో ఒక్కటే దొరికింది. అక్కడ చారలు ఓ మోస్తరుగానే ఉన్నాయి. అదే పలక రెండో చివర చారలు కళ్లు చెదిరేలా ఉన్నా అటు వెళ్లలేదు. పెద్దాయనకు ఫొటోలు రెండూ పంపి కారణం చెప్పాను, ఆయన వెంటనే సరేనన్నారు.

పలక అంగుళం మందానికి ఏడాది చొప్పున గాలికి ఆరబెట్టిందే. అయినా నా వర్క్‌షాప్‌లో రెండు నెలలు ఉంచి వారానికోసారి తూకం వేశాను. మూడు వారాలు వరసగా బరువు మారకపోయాకే రంపం పెట్టాను.

బ్యారెల్‌ను దింపడం

పని మొత్తంలో నాకు ప్రాణం ఇదే, తొమ్మిది సాయంత్రాలు పట్టింది. పలక పైఅంచు మీద మధ్యగీత గీసి, బ్యారెల్‌ను దాని మీద తలకిందులుగా పెట్టి, ప్రతి రెండు అంగుళాలకూ వెడల్పు కొలిచి గుర్తులు పెట్టాను. నడుము ఉన్న బ్యారెల్‌కు గుర్తుల్ని కలిపే గీత స్కేలుతో రాదు, సన్నటి వెదురు బద్దను వంచి గీయాలి. గీతకు లోపలి వైపు ఉలితో చెక్క తీశాను. గీత మీదికి మాత్రం వెళ్లలేదు. చివరి వెంట్రుకంత మందాన్ని బ్యారెలే చూపించాలి.

అది చూపించే పద్ధతి మసి. కిరసనాయిలు దీపం మంట మీద బ్యారెల్ అడుగు పలకల్ని ఆడిస్తే సన్నగా మసి పడుతుంది. బ్యారెల్‌ను నిటారుగా దించి, చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేసి, నిటారుగానే పైకి లేపాలి. పక్కకు ఊగితే అంచులు నలిగిపోతాయి. మొదటిసారి లేపినప్పుడు 42 అంగుళాల కాలువలో మూడే నల్ల మచ్చలు: వెనక కొసన రెండు, మూతి దగ్గర ఒకటి. మిగతాదంతా తెల్లటి చెక్క. ఆ మూడు మచ్చల్నే గీకాను, పక్కన ఒక్క పోగు కూడా ముట్టుకోలేదు. మళ్లీ మసి, మళ్లీ దించడం. ఈసారి ఏడు మచ్చలు. నాలుగో సాయంత్రానికి చుక్కలు చిన్న చిన్న బద్దలయ్యాయి. బ్యారెల్ దిగుతున్న కొద్దీ సుత్తి చప్పుడు మారుతుంది. మొదట్లో డొల్లగా మోగేది, అంతటా ఆనుకునే సమయానికి మొద్దుబారి, రాతి మీద కొట్టినట్టు వినిపిస్తుంది. చేతికంటే ముందు చెవికి తెలుస్తుంది.

కాలువ అడుగున ఎనభై శాతం దాకా మసి సమంగా అంటితే నాకు చాలు. నూటికి నూరు కోసం గీకుతూ పోతే పక్క అంచుల్లో సందు పడుతుంది. బయటికి కనిపించేవి ఆ అంచులే.

వెనక గోడను ఆఖరి దాకా కొద్దిగా ముందే ఆపి ఉంచాను. కాలువ అంతా కుదిరాక గోడను కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ, బ్యారెల్ వెనక ముఖానికి మసి పూసి, మూతి మీద చెక్క ముక్క పెట్టి వెనక్కి తడుతూ చూశాను. పాత స్టాక్‌లో తప్పిపోయింది ఇక్కడే కాబట్టి ఒక పూటంతా దీనికే ఇచ్చాను. చివరికి అడుగు పలకా, రెండు వాలు పలకలూ వచ్చే మేరకు నల్లటి ఆకారం గోడ మీద నిండుగా దిగింది. ఆ తర్వాతే టాంగ్‌ను చెక్కలోకి దింపాను. టాంగ్ పక్కలు బిర్రుగా ఉండాలి, తోక చివర మాత్రం మందపాటి కాగితమంత ఖాళీ వదిలాను. చూసేవాళ్లకు అది పనితనం లోపంలా అనిపించవచ్చు. వదలకపోతే ఎప్పుడో ఒకప్పుడు అదే పగులు మళ్లీ వస్తుంది.

బ్యారెల్ చెవుల్లోని రంధ్రాల్ని ముందువెనకలకు కొంచెం కోలగా సాగదీశాను. ఆయన అనుమతి అడిగే చేశాను, ఇది కొత్త రంధ్రం కాదు కాబట్టి ఒప్పుకున్నారు. చెక్క పొడవు దిశలో మారేది చాలా తక్కువే. కానీ ఇంత పొడుగు, ఇంత పల్చటి చెక్కను ఇనుముకు మూడు చోట్ల కదలకుండా బిగిస్తే ఆ కొంచెమే చెక్కను వంచుతుంది. పిన్ను బ్యారెల్‌ను కిందికి పట్టి ఉంచితే చాలు, ముందుకూ వెనక్కీ బంధించకూడదు.

కడ్డీ రంధ్రం, లాక్

బ్యారెల్ కిందే దట్టించే కడ్డీకి రంధ్రం పొడవాటి డ్రిల్‌తో చేయాలి. డ్రిల్ చెక్కలో ఎటు పోతుందో కనపడదు. ఈ ఒక్క పనిలో నాకు ఇప్పటికీ టెన్షన్ తప్పదు. ముందు భాగంలో కడ్డీ సగం బయటికి కనిపించే గాడి ఉంటుంది. ఆ గాడిలో డ్రిల్‌ను పడుకోబెట్టి, పైన చెక్క దిమ్మలు బిగించి, రెండేసి అంగుళాలకు ఒకసారి బయటికి లాగి పొట్టు దులుపుతూ వెళ్లాను.

ఇక్కడ నడుము ఉన్న బ్యారెల్ లెక్క ఒకటుంది. రంధ్రం బ్యారెల్ మధ్యరేఖకు సమాంతరంగా పోతే, నడుము దగ్గర కాలువకూ రంధ్రానికీ మధ్య పావు అంగుళం చెక్క ఉంచితేనే వెనక కొస దగ్గర ఎనిమిదో వంతు అంగుళం మిగులుతుంది. బ్యారెల్ మందం పావు అంగుళం పెరుగుతుంది కదా, అందులో సగం అడుగు వైపుకి వస్తుంది. తిన్నటి బ్యారెల్ లెక్కతో నడుము దగ్గర ఎనిమిదో వంతే ఉంచితే డ్రిల్ వెనక్కి చేరేసరికి నేరుగా కాలువలోకి తేలుతుంది.

నా డ్రిల్ చివర్లో పదహారో వంతు అంగుళం కిందికి జారింది. వెనక చెవి కోసం కాలువ అడుగున గాడి తవ్వుతుంటే తెలిసింది, అనుకున్న లోతుకు రంధ్రం తగల్లేదు. పైకి జారి ఉంటే పెద్ద దెబ్బే. కిందికి జారడంతో లాక్ ముందు బోల్టుకు దారి కాస్త సులువైంది. అయినా బోల్టు అంచు రంధ్రాన్ని కొద్దిగా తాకుతోంది కాబట్టి కడ్డీ లోపలి కొసను సన్నగా చిత్రిక పట్టాను. దీనికి మూల్యం పొట్ట దగ్గర పడింది: ట్రిగ్గర్ గార్డ్ ముందు స్టాక్‌ను గీసుకున్న గీత కంటే పదహారో వంతు లావుగా ఉంచాల్సి వచ్చింది. ఆ లావును ఒక్కచోట మొటిమలా కనపడనీయకుండా పది అంగుళాల మేర పొట్ట గీతను మళ్లీ గీశాను.

లాక్‌ను టచ్‌హోల్ చెప్పినట్టు కూర్చోబెట్టాను. రంధ్రం నడిమి పాన్ పైఅంచు ఎత్తులో ఉండాలి, అడ్డంగా పాన్ మధ్యలో ఉండాలి, లాక్ లోపలి ముఖం బ్యారెల్ పక్క పలకకు వెలుతురు దూరనంత దగ్గరగా ఆనాలి. పెద్ద స్ప్రింగ్ తీసేసి లాక్ ఒట్టి ఇనుప పలకను ముందు దింపి, తర్వాత ఒక్కో భాగానికి గుంట తవ్వాను. అది తిరిగేంత చోటే, అంతకు మించి కాదు. లాక్ గుంటలో అనవసరంగా తీసిన చెక్కంతా మణికట్టు బలంలోంచి పోయేదే. ట్రిగ్గర్, గార్డ్, భుజానికి ఆనే మడమ ఇత్తడి, కడ్డీ గొట్టాలు పాత కొలతలకే కుదిరాయి.

ఆకారం

ఈ దశ దాకా అది పైన బ్యారెల్ దిగిన దుంగ. అందులోంచి రైఫిల్ బయటికి రావడం చూడటం నాకు ఇప్పటికీ సంబరమే. కొత్తగా చేసేవాళ్ల స్టాకులు చాలా చూశాను. లోపం దాదాపు ఎప్పుడూ ఒక్కటే, భయపడి చెక్క వదిలేస్తారు. పల్చనైతే విరుగుతుందేమో అన్న భయం. విరగ్గొట్టేది మందం తగ్గడం కంటే రేఖలు తప్పడం, తన్ను తప్పు చోట పడటం. ఆ రెండూ సరిచూసుకున్న తర్వాత చెక్క తీయడానికి ధైర్యం చేయొచ్చు.

ముందు పక్క గీతా, పై గీతా తేల్చి చతురస్రంగా నిలబెట్టాను. తర్వాత మూలలు కొట్టి ఎనిమిది పలకలు, వాటి మూలలు కొట్టి పదహారు, ఆ తర్వాతే గుండ్రం. రెండు చేతుల కత్తితో మొదలై, ముళ్ల ఆకురాయి, మామూలు ఆకురాయి, చివర గీకుడు రేకు. ముందు భాగంలో చెక్క బ్యారెల్ పక్క పలక సగం ఎత్తు దాకా వచ్చి ఆగుతుంది, అంచు పదో వంతు అంగుళం కంటే తక్కువ. ఉప్పుకాగితం చివరి దాకా దగ్గరికి రానీయలేదు, అది లాక్ చుట్టూ ఉన్న అంచుల్ని మొద్దు చేస్తుంది. గది లైట్లు ఆర్పి ఒక్క దీపం పక్క నుంచి పెడితే ఎత్తుపల్లాలన్నీ నీడలై లేస్తాయి. అరచేయి కూడా కంటికి దొరకని గుంటను పట్టేస్తుంది.

ముతక ఆకారం వచ్చాక పెద్దాయన్ని పిలిచాను. కళ్లు మూసుకుని తుపాకి భుజానికి ఎత్తమన్నాను, చెంప ఆనాక కళ్లు తెరవమన్నాను.

"ముందు గురి కనపడుతోందా?"

"కనపడుతోంది కానీ కొంచెం ఎడమగా ఉందండీ."

మూడుసార్లు అదే మాట. ఆయన చెంప దవడ దగ్గర నిండుగా ఉంటుంది, కుడిచేతి వాటం. చెంప ఆనే ముఖాన్ని ఎనిమిదో వంతు అంగుళం తగ్గించి మళ్లీ ఎత్తమన్నాను. కళ్లు తెరిచి కాసేపు ఏమీ అనలేదు, తుపాకి దించనూ లేదు. పాత స్టాక్‌తో ఇన్నేళ్లూ మెడ వంచి పేల్చానని అప్పుడు చెప్పారు. భుజం నుంచి ట్రిగ్గర్ దాకా 13¾ అంగుళాలు పాత కొలతే ఉంచాను.

రంగు

నీళ్లతో తడిపి, లేచిన నూగును గీకి, మళ్లీ తడిపి గీకాను. మూడోసారికి నూగు లేవలేదు. రంగుకు ఐరన్ నైట్రేట్ నీళ్లు పూశాను. పాతవాళ్లు నైట్రిక్ యాసిడ్‌లో ఇనుము కరిగించి చేసుకున్నది ఇదే. ఆరాక చెక్క పాచి పట్టినట్టు దిగులుగా కనిపిస్తుంది. వేడిగాలి తగిలించిన మరుక్షణం ఎర్రటి గోధుమరంగు పాకుతుంది, చారలు ఒక్కసారిగా లేస్తాయి. పొగ పీల్చకుండా ఆరుబయటే చేయాలి. ఆపైన అవిసె నూనె పల్చటి పూతలు, పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఆరనిస్తూ. నూనె తుడిచిన గుడ్డల్ని ముద్ద చేసి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

పేల్చాక

మొదటి కాల్పులు భుజానికి పెట్టకుండా, తుపాకిని బల్లకు కట్టి తాడుతో ట్రిగ్గర్ లాగి చేశాం. తర్వాత ఆయన ఒక సీజన్ అంతా వాడి, నేను అడిగినట్టే మళ్లీ తెచ్చారు. కడ్డీ జారవిడిచి ఖాళీ అని చూసుకున్నాక పిన్నులు తీసి బ్యారెల్ లేపాను. వెనక గోడ నల్లబడి, అంచు నుంచి అంచు దాకా సమంగా నున్నబడి ఉంది. టాంగ్ తోక వెనక పెట్టిన కాగితం ముక్క ఇంకా సులువుగా జారుతోంది. పిన్నులు నిటారుగా ఉన్నాయి.

ఒక్క మార్పు కనిపించింది. కడ్డీ రంధ్రం మొదలయ్యే చోట, ఎడమ వైపున, బ్యారెల్‌కూ చెక్క అంచుకూ మధ్య వెంట్రుకంత సందు మూడు అంగుళాల మేర తెరుచుకుంది. చలికాలం పొడి గాలికి చెక్క అడ్డంగా ముడుచుకున్నట్టుంది. దాన్ని నింపలేదు. పెన్సిల్‌తో సందు రెండు చివర్లా కాలువ లోపల గీతలు పెట్టి, వానాకాలం తర్వాత మళ్లీ తీసుకురమ్మని చెప్పి పంపాను.